ఇన్‌స్పెక్షన్ కొవ్వొత్తి

మా అమ్మమ్మ ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ ఇంట్లో ఏదైనా వస్తువు కనబడకపోతే ఎవరూ మంచం కింద వెతికేవాళ్ళు కాదు. తిన్నగా బడికి వెళ్ళేవాళ్ళు. టీ వడపోత బడిలో. పాలు కాచే గిన్నె బడిలో. తాతయ్య గడ్డం గీసుకునే అద్దం బడిలో, అదీ ఎండలో, గోడ మీద వెలుగుచుక్కని పరిగెత్తిస్తూ.

తాతయ్య టైలరు. ముందుగదిలోనే ఆయన కుట్టుమిషను. కింద పడ్డ గుండుసూదులు ఏరుకోవడానికి ఆయన దగ్గర ఒక అయస్కాంతం ఉండేది. పెళ్ళయిన కొత్తలోనే అమ్మమ్మ దాన్ని చూసి మనసు పారేసుకుంది. మొగుణ్ణి చూసి అంత పారేసుకుందో లేదో తెలీదు.

"ఏమోయ్ టీచరమ్మా, నా అయస్కాంతం ఎప్పుడు తెస్తావు?" అని ఆయన మోకాళ్ళ మీద పాకుతూ, నేల మీద సూదులు తడుముకుంటూ అడిగేవాడు.

"పాఠం అయిపోగానే తెస్తానండీ."

"ఏ పాఠం?"

"అయస్కాంతాల పాఠం."

"అది పోయినేడే అయిపోయిందన్నావు కదా!"

"ఈ ఏడు పిల్లలు వేరే కదండీ!"

ఇరుగుపొరుగు ఇంకా తెలివైనవాళ్ళు. అమ్మమ్మ చిరునవ్వుతో గుమ్మం ఎక్కితే చాలు, మాట్లాడుతూనే గాజుగ్లాసులు లోపల సర్దేసేవాళ్ళు.

ఇంతకీ బడిలో సామాను లేదా అంటే, ఉంది. అదే తమాషా. సైన్సు గదిలో ఒక గోడంతా అద్దాల బీరువా. అందులో గాజు కుప్పెలు, జాడీలు, గొట్టాలు, స్పిరిటు దీపం, ముచ్చటైన చిన్న త్రాసు. కొన్న రోజున ఎలా తళతళలాడాయో అప్పటికీ అలాగే ఉన్నాయి. బీరువాకి ఇత్తడి తాళం, తాళంచెవి హెడ్మాష్టరు గారి జేబులో. అమ్మమ్మకి ముందున్న సైన్సు మాష్టారు ఉద్యోగం మొత్తంలో ఒక్క గాజుముక్క కూడా పగలగొట్టకుండా రిటైరయ్యాడట. ఆ సంగతి చెప్పేటప్పుడు హెడ్మాష్టరు గారి గొంతు బొంగురుపోయేది.

"అన్నేళ్ళు పగలకుండా ఎలా వాడారు సార్?" అని చేరిన మొదటిరోజే అడిగింది అమ్మమ్మ.

"వాడలేదమ్మా," అన్నారాయన గర్వంగా.

అమ్మమ్మ తాళంచెవి అడిగింది. ఆయన జేబు మీద చెయ్యి వేసుకున్నారు.

"పగిలితేనో?"

"పగిలితే గాజు ఎందుకు పగులుతుందో చెప్తాను సార్. అదీ పాఠమే."

ఆ జవాబుతో ఆ తాళంచెవి ఆవిడకి ఇక దొరకదని తేలిపోయింది. ఆ సాయంత్రమే ఇంట్లో వడపోత మాయమైంది.

అప్పటిదాకా ఆ బడిలో సైన్సు అంటే పిల్లలు చేతులు కట్టుకుని, ఒకే రాగంలో నిర్వచనాలు పాడటం. అమ్మమ్మ వచ్చాక చేతులు కట్టుకుందామన్నా ఖాళీ ఉండేది కాదు. ఒకడి చేతిలో వేడినీళ్ళ సీసా, దాని మూతికి తగిలించిన రబ్బరు బుడగ. ఒకత్తి చేతిలో ఉల్లిపొర. కిటికీ దగ్గర నలుగురు దూది మీద గింజలు మొలిచాయా లేదా అని తగువు పెట్టుకునేవాళ్ళు. బుడగ దానంతటదే ఉబ్బినప్పుడు ఆ గదిలోంచి లేచే గోలకి పక్కగదిలో లెక్కల మాష్టారి చేతిలో సుద్దముక్క విరిగేది. ఆయన గుమ్మంలో నిలబడి, "మేడమ్, ఇది క్లాసా, సంతా?" అనేవాడు.

"సంతే సార్. మీరూ రండి, బేరం చేద్దురుగాని," అనేది అమ్మమ్మ.

క్లాసులో ఒక బక్కపిల్ల ఉండేది. ఏది చెప్పినా "ఎందుకండీ?" అనేది. అందుకని ఆ పిల్లకి ఎందుకమ్మ అని పేరు పడిపోయింది. మిగతా టీచర్లు ఆ పిల్లని ఆఖరి బెంచీలో కూర్చోబెట్టేవాళ్ళు. అమ్మమ్మ కూడా ఆఖరి బెంచీలోనే ఉంచింది కానీ, వేరే కారణానికి. ఆ పిల్ల "ఎందుకండీ?" అని అక్కణ్ణుంచి అరిస్తే గదంతటికీ వినబడుతుందని.

ఒకరోజు కొవ్వొత్తి పాఠం వచ్చింది. పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, పైన గ్లాసు బోర్లించాలి. కొవ్వొత్తి ఆరిపోతుంది, నీళ్ళు గ్లాసులోకి ఎక్కుతాయి. గాలిలో ఐదో వంతు ఆక్సిజన్ కాబట్టి, అది ఖర్చయిపోయింది కాబట్టి, నీళ్ళు ఐదో వంతు ఎక్కుతాయి అని పుస్తకంలో ఉంది. అమ్మమ్మ బెంచీకో పళ్ళెం, ఒక గ్లాసు ఇచ్చింది, కొవ్వొత్తులు పిల్లలే ఇంటినుంచి తెచ్చుకున్నారు. ఆఖరి బెంచీ వాళ్ళు మాత్రం ఎవరి కొవ్వొత్తి పెట్టాలన్న దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకుని, ఎటూ తేలక మూడు పెట్టేశారు.

అన్ని గ్లాసుల్లో నీళ్ళు కొంచెం కొంచెం ఎక్కి ఆగాయి. ఆఖరి బెంచీ గ్లాసులో మాత్రం సగం దాకా పాకాయి.

"టీచర్, మా గ్లాసులో ఆక్సిజన్ ఎక్కువుందండీ!" అని ఒకడు గంతేశాడు.

"మీరు పీల్చకుండా దాచుకున్నార్రా?" అని ముందు బెంచీవాడు. గది గొల్లుమంది.

ఎందుకమ్మ నవ్వలేదు. "టీచర్, ఇంకోటండీ. కొవ్వొత్తి వెలుగుతున్నంతసేపూ నీళ్ళు కదల్లేదు. ఆరాకే గబగబా ఎక్కాయి. ఆక్సిజన్ ఖర్చయ్యేది వెలిగినప్పుడు కదా? ఎందుకండీ?"

అమ్మమ్మ సుద్దముక్క బల్ల మీద పెట్టేసి, "నాకు తెలీదమ్మా. కనుక్కుందాం. మీరూ కనుక్కోండి," అంది.

ఆ సాయంత్రం వంటగది గట్టంతా పళ్ళేలే. తాతయ్య ఆకలేసి రెండుసార్లు తొంగిచూసి, రెండుసార్లూ వెనక్కి వెళ్ళాడు. అమ్మమ్మ మూడు కొవ్వొత్తుల మీద గ్లాసు నెమ్మదిగా బోర్లించి, కళ్ళు నీళ్ళకి ఆనించి చూసింది. గ్లాసు అంచు కిందనుంచి బుడగలు తప్పించుకుని పోతున్నాయి. అంటే లోపలి గాలి వేడెక్కి, చోటు చాలక, కొంత బయటికి పోతోంది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి ముడుచుకుంటుంది. ఖాళీ అయిన చోటులోకి నీళ్ళు ఎక్కుతాయి. అలాగైతే అసలు కొవ్వొత్తి ఎందుకు? ఒక గ్లాసుని వేడినీళ్ళతో బాగా కడిగి, అవి పారబోసి, పొగలు కక్కుతుండగానే చన్నీళ్ళ పళ్ళెంలో బోర్లించింది. కాసేపటికి నీళ్ళు మెల్లగా, దొంగలా, గ్లాసులోకి ఎక్కాయి.

"ఏమండీ! ఇలా రండి! కొవ్వొత్తి లేకుండానే ఎక్కుతున్నాయి!"

తాతయ్య వచ్చి చూశాడు. "బాగానే ఉంది. ఇలాగే పొయ్యి లేకుండా వంట కూడా ఏమైనా అవుతుందేమో చూడు," అన్నాడు.

మర్నాడు పిల్లలందరూ బుడగలు చూశారు, వేడి గ్లాసు బోర్లించారు, ఒకటి, రెండు, మూడు కొవ్వొత్తులు పెట్టి చూశారు. మంటకి ఆక్సిజన్ ఖర్చవడం నిజమే కానీ, నీళ్ళు అంతెత్తు ఎక్కడానికి పెద్ద కారణం వేడెక్కిన గాలి అని వాళ్ళ నోటితో వాళ్ళే చెప్పారు. అమ్మమ్మ వాళ్ళకి ఒక్క నియమమే పెట్టింది. గ్లాసులో ఏం జరిగిందని ఎవరు అడిగినా, గ్లాసు చూసి చెప్పాలి.

గొడవంతా ఈ నియమంతోనే వచ్చింది.

ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారని కబురొచ్చింది. ఆయన ఏ బడికి వెళ్ళినా సైన్సు క్లాసులో అడిగే ప్రశ్న ఒక్కటే. "నీళ్ళు ఎంతవరకు ఎక్కాయి?" పిల్లలంతా ఒక్క గొంతుతో "ఐదో వంతండీ!" అనాలి. అప్పుడాయన మీసం కిందనుంచి నవ్వి, టీ తాగి వెళ్ళిపోతారు.

హెడ్మాష్టరు గారు అమ్మమ్మని పిలిచి, చాలారోజుల తరవాత బీరువా తీశారు. కింది అరలోంచి ఒక పెద్ద గాజు జాడీ, తెల్లకాగితంలో చుట్టిన ఒక కొవ్వొత్తి బయటికొచ్చాయి. జాడీ మీద ఐదో వంతు దగ్గర ఎర్రరంగుతో గీత ఉంది.

"ఇది ఇన్‌స్పెక్షన్ కొవ్వొత్తి," అన్నారాయన గొంతు తగ్గించి. "పాత మాష్టారు ఎన్నో కొవ్వొత్తులు కాల్చి కనిపెట్టాడమ్మా. ఇంతే పొడుగు, ఇంతే లావు ఉండాలి. అప్పుడు నీళ్ళు సరిగ్గా గీత దగ్గర ఆగుతాయి. ప్రతిసారీ ఇదే కొలతకి కొత్తది కోయిస్తాం."

అమ్మమ్మ కొవ్వొత్తిని అటూ ఇటూ తిప్పి చూసింది. "పాపం, పాత మాష్టారు ప్రయోగాలు చెయ్యలేదంటారేమిటి సార్? చాలానే చేశాడు."

ఆయనకి వేళాకోళం అర్థమై మొహం గంటు పెట్టుకున్నారు. "చూడండి మేడమ్. మీ క్లాసులో పిల్లలు ఐదో వంతు తప్పంటున్నారట. ఇన్‌స్పెక్టరు గారి ముందు అలా అంటే బడి పరువు గంగలో కలుస్తుంది. ఆరోజు ఒక్కమాట, ఐదో వంతు అనిపించండి. లేదంటే మీకు సైన్సు క్లాసు ఉండదు. నిక్కచ్చిగా చెప్తున్నాను."

ఇంటికొచ్చి అమ్మమ్మ చెప్పులు విసురుగా విడిచింది. ఒకటి మిషను కిందికి పోయింది. ఆవిడకి కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి. ఇప్పుడడిగితే "నాకసలు కోపమే రాదు" అంటుంది, చెవులు ఎర్రగా పెట్టుకుని.

తాతయ్య సంగతంతా విని, దారం పంటితో కొరికి, "ఒక్కపూట ఐదో వంతు అంటే నోరు అరిగిపోతుందా?" అన్నాడు.

"నా నోరు కాదండీ. ఆ ఎందుకమ్మ నోరు. కళ్ళారా చూసింది అది. ఇప్పుడు నేనే వెళ్ళి, నువ్వు చూసింది మింగెయ్యవే, పెద్దాయన వస్తున్నాడు అని చెప్పనా? చెప్తే రేపు దాని మొహం ఎలా చూడను?"

"సైన్సు తీసేస్తే?"

"తీసేసుకోమనండి."

"నువ్వు సైన్సు లేకుండా బతకలేవు కదే."

అది నిజమని ఇద్దరికీ తెలుసు. తాతయ్య మిషను ఆపి, వంగి చెప్పు బయటికి తీసి, రెండోదాని పక్కన పెట్టాడు. "సరే, పిల్లలకి ఇంకో నాలుగు గ్లాసులు కావాలేమో, వంటింట్లో పైఅరలో ఉన్నాయి. ఈమధ్యే నీకు కనబడకుండా దాచాను," అన్నాడు.

ఇన్‌స్పెక్షన్ రోజున గదిలో గాలి కూడా ఇస్త్రీ చేసినట్టుంది. హెడ్మాష్టరు గారే స్వయంగా కొవ్వొత్తి వెలిగించారు, జాడీ బోర్లించారు. నీళ్ళు బుద్ధిగా లేచి ఎర్రగీత దగ్గర ఆగాయి. ఇన్‌స్పెక్టరు గారు చేతులు వెనక్కి కట్టుకుని అడిగారు.

"నీళ్ళు ఎంతవరకు ఎక్కాయి?"

హెడ్మాష్టరు గారు ముందు బెంచీకి చాటుగా ఐదు వేళ్ళు చూపించారు. ముందు బెంచీ అమ్మమ్మ వంక చూసింది. అమ్మమ్మ జాడీ వంక చూసింది.

ఆఖరి బెంచీలోంచి ఎందుకమ్మ లేచింది. "ఐదో వంతండీ."

హెడ్మాష్టరు గారు ఊపిరి వదిలారు.

"ఈ కొవ్వొత్తికైతేనండీ," అంది ఎందుకమ్మ.

"అంటే?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"మూడు పెడితే సగందాకా వస్తాయండీ. ఒక్కటీ పెట్టకపోయినా వస్తాయండీ."

"కూర్చో!" అన్నారు హెడ్మాష్టరు గారు.

"నిలబడమ్మా," అంది అమ్మమ్మ. గొంతు పెంచలేదు. "సార్ అడిగారు, నువ్వు చెప్తున్నావు. చూపించు కూడా."

అంతే. బెంచీల కిందనుంచి పళ్ళేలు, గ్లాసులు, కొవ్వొత్తులు పైకొచ్చాయి. టీ కోసం అటెండరు కాచి ఉంచిన వేడినీళ్ళ కూజా వచ్చింది. ఇన్‌స్పెక్టరు గారు బెంచీ బెంచీకీ వంగి చూడాల్సి వచ్చింది. నడుము పట్టేసిందో ఏమో, ఒకచోట ఆగి కళ్ళజోడు తుడుచుకున్నారు. మూడు కొవ్వొత్తుల గ్లాసు దగ్గర మీసం కొంచెం కదిలింది. నవ్వో, విసుగో తెలీలేదు.

ఇంతలో ఎందుకమ్మకి ఉత్సాహం ఆగలేదు. కొవ్వొత్తి లేకుండా పెద్ద జాడీలో కూడా నీళ్ళు ఎక్కుతాయని చూపించాలని, ఎర్రగీత జాడీని ఎత్తి అందులో వేడివేడి నీళ్ళు పోసింది.

టప్ మంది.

ఎన్నేళ్ళుగానో తళతళలాడుతున్న జాడీ, గీత దగ్గరే, అడ్డంగా పగిలింది. హెడ్మాష్టరు గారు గుండె పట్టుకున్నారు. ఎందుకమ్మ మొహం పాలిపోయింది. అమ్మమ్మ వెళ్ళి ముందు ఆ పిల్ల చేతులు తిప్పి చూసింది. కాలలేదు, కోసుకోలేదు. అప్పుడు క్లాసు వైపు తిరిగింది.

"చూశారా? ఇది మందం గాజు. లోపలివైపు వేడి తగిలి సాగింది. బయటివైపుకి ఇంకా ఆ కబురు అందలేదు. రెండిటికీ పడక పగిలింది. పల్చటి గ్లాసైతే తట్టుకుంటుంది. రాజుకుంటున్న గొడవ లోపలే దాచుకుంటే ఇలాగే అవుతుంది." చివరి మాట పిల్లలకి చెప్పిందో, ఎవరికి చెప్పిందో ఆవిడకే తెలియాలి.

"పరీక్షలో ఐదో వంతు అని రాయకపోతే మార్కు పోతుంది, తెలుసా అమ్మా?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"పుస్తకంలో ఏముందని అడిగితే పుస్తకంలో ఉన్నది రాస్తారు సార్. గ్లాసులో ఏమైందని అడిగితే మాత్రం గ్లాసు చూసి చెప్తారు. మీరు గ్లాసు గురించి అడిగారు."

ఆయన టీ తాగకుండా వెళ్ళిపోయారు.

మర్నాటినించి సైన్సు లెక్కల మాష్టారికి వెళ్ళింది. అమ్మమ్మకి కుట్టుపని క్లాసు ఇచ్చారు. హెడ్మాష్టరు గారికి తెలియనిదొకటే. టైలరు పెళ్ళాం అయివుండి మా అమ్మమ్మకి గుండీ కుట్టడం కూడా రాదు. ఆ రాత్రి తాతయ్య నవ్విన నవ్వుకి మిషను పెడలు మీంచి కాలు జారింది.

"సూదిలో దారం ఎక్కించడమన్నా నేర్పనా?" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

"అక్కర్లేదు. సూదులివ్వండి చాలు. సన్నవి."

కుట్టుపని గదిలో కిందిక్లాసు పిల్లలు కొత్తగుడ్డలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అమ్మమ్మ గుడ్డలు పక్కన పెట్టించి, గిన్నెల్లో నీళ్ళు పోయించింది. "సూది ఇనుమే కదా, మునగాలి కదా? మునగకుండా పెట్టండి చూద్దాం," అంది. సూదులు బుడుంగు బుడుంగుమని మునుగుతుంటే గది కిలకిలలాడింది. ఒక పిల్ల పల్చటి కాగితం మీద సూది పెట్టి నీళ్ళ మీదికి దించింది. కాగితం తడిసి మునిగిపోయింది. సూది తేలింది, నీటి మీద చిన్న పల్లం చేసుకుని పడుకున్నట్టుగా. తరవాతి క్లాసులో తాతయ్య అయస్కాంతం బయటికొచ్చింది. దానికి రుద్దిన సూదులన్నీ గిన్నెల్లో తిరిగి తిరిగి ఒకే దిక్కుకి చూశాయి.

హెడ్మాష్టరు గారు గుమ్మంలోకి వచ్చారు. "ఇదేం కుట్టుపని మేడమ్?"

"కుట్టేముందు సూది సంగతి తెలియొద్దా సార్?"

ఆయన కోపంగానే దగ్గరికొచ్చి, ఒక సూదిని వేలితో పక్కకి తోశారు. అది తిరిగొచ్చి అదే దిక్కుకి నిలబడింది. మళ్ళీ తోశారు. మళ్ళీ తిరిగొచ్చింది. దానికేసీ అమ్మమ్మకేసీ చూసి వెళ్ళిపోయారు.

మరుసటి ఏడు ఇన్‌స్పెక్షన్ ముందు ఆయనే పిలిచారు. లెక్కల మాష్టారు సైన్సు క్లాసుకి వెళితే పిల్లలు "చూపించండి సార్, చూపించండి సార్" అని ప్రాణాలు తోడేస్తున్నారట. ఆయన ఈ క్లాసు నాకొద్దని మొత్తుకుంటున్నాడట.

"సైన్సు మళ్ళీ మీకే ఇస్తాను. ఐదో వంతు అనిపిస్తానని ఒక్కమాట ఇవ్వండి మేడమ్. కొత్త జాడీ కూడా వచ్చింది."

అమ్మమ్మకి ఆ బీరువా మీద, ఆ త్రాసు మీద ఎంత ప్రాణమో తాతయ్యకి తెలుసు. సైన్సు గది కిటికీలోంచి ఆ త్రాసుని చూడకుండా ఆవిడ వరండాలో ఒక్కరోజూ నడవలేదు. ఆరోజూ చూసింది.

"కొవ్వొత్తి కోయించారా సార్?"

"కోయించాను. అదే కొలత."

"అయితే నాకు కుట్టుపనే బాగుంది," అని లేచి వచ్చేసింది.

ఇన్‌స్పెక్షన్ రోజున సైన్సు గదిలో కొవ్వొత్తి వెలిగింది. ఈసారి బెంచీల్లో ఉన్నది పోయినేడు సూదులు తేల్చిన పిల్లలు, జాడీ పగిలిన కథ నోటికొచ్చినవాళ్ళు. వరండాకి ఇవతల కుట్టుపని గదిలో అమ్మమ్మ కొత్త పిల్లల మధ్య, గిన్నె మీదికి వంగి ఉంది. రెండు గదుల కిటికీలూ తెరిచే ఉన్నాయి.

"నీళ్ళు ఎంతవరకు ఎక్కాయి?" అన్న గంభీరమైన గొంతు వినబడింది.

తరవాత ఒక సన్నటి గొంతు.

"ఐదో వంతండీ. ఈ కొవ్వొత్తికైతేనండీ."

కుట్టుపని గదిలో పిల్లలందరూ తలలు తిప్పి కిటికీ వైపు చూశారు. అమ్మమ్మ తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి, ఈసారి కోపం కాదు. సూదిని నీళ్ళ మీద పెట్టేటప్పుడు చెయ్యి వణకకూడదు. ఆవిడ సూది తేలింది.